లేజర్ యంత్రానికి పలుచని చెక్క: చౌకగా దొరికే రకాల సమీక్ష

ఇది ప్రధానంగా 3 మిల్లీమీటర్ల మందం గల చెక్క పలకల సమీక్ష. లేజర్‌తో కోసి పెట్టెలు, బొమ్మలు, నామఫలకాలు, దీపపు తొడుగులు చేసుకునేవారు ఎక్కువగా వాడే మందం అదే కాబట్టి దానికే పెద్దపీట వేశాను. మిగిలిన మందాల ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది. రెండు రకాల యంత్రాలను దృష్టిలో ఉంచుకున్నాను. ఒకటి 450 నానోమీటర్ల నీలి కాంతిని ఇచ్చే 5 నుంచి 20 వాట్ల డయోడ్ లేజర్, రెండవది 10.6 మైక్రోమీటర్ల పరారుణ కిరణాన్ని ఇచ్చే 40 నుంచి 60 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్. ఈ రెండవ కిరణాన్ని చెక్క ఏ రంగులో ఉన్నా బాగా పీల్చుకుంటుంది. నీలి కాంతిని మాత్రం లేత రంగు చెక్క కొంత వెనక్కి తిప్పికొడుతుంది కనుక, ఒకే పలక ఒక యంత్రం మీద సునాయాసంగా తెగి మరొకదాని మీద మొరాయించవచ్చు. చౌక అంటే ఇక్కడ పలక ధర కాదు. పారవేయనక్కర లేకుండా చేతికి వచ్చిన ఒక్కొక్క ముక్కకు ఎంత ఖర్చు పడిందన్నదే నా లెక్క, ఆ లెక్క వేసినప్పుడు ధరల వరుస చాలా చోట్ల తలకిందులవుతుంది.

మొదట, లేజర్ కోసమే ప్రత్యేకమని ముద్ర వేసి అమ్మే చిన్న పలకల సంగతి. ఇవి సాధారణంగా 300 మిల్లీమీటర్ల చదరాలుగానో, 300 x 600 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రాలుగానో కట్టలు కట్టి వస్తాయి. వాటిలోని చెక్క వేరే జాతిది కాదు. ఇంటి లోపలి వాడకానికి పనికివచ్చే లేత రంగు జిగురుతో అతికించి, రెండు ముఖాలనూ నున్నగా రుద్ది, వంకర లేనివాటిని ఏరి కట్టిన మామూలు ప్లైవుడ్ మాత్రమే. ఏరి, కోసి, కట్టి పంపిన శ్రమకు మనం అదనంగా చెల్లిస్తున్నామన్న మాట. 2440 x 1220 మిల్లీమీటర్ల పూర్తి పలక నుంచి 300 మిల్లీమీటర్ల చదరాలు 32 వస్తాయి; బాల్టిక్ బర్చ్ అనే ప్లైవుడ్ వచ్చే 1525 మిల్లీమీటర్ల చదరపు పలక నుంచి 25 వస్తాయి. ఎక్కడ కొన్నా సరే, పూర్తి పలక ధరను ఈ సంఖ్యతో భాగించి చిన్న పలక ధర పక్కన పెట్టి చూస్తే, ముద్రకు ఎంత ఇస్తున్నామో తేటతెల్లమవుతుంది. పెద్ద పలకను ఇంటికి చేర్చడం కష్టమనే మాట నిజమే కానీ, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను కోయడానికి రంపం కూడా అక్కరలేదు. ఉక్కు బద్దను ఆనించి పదునైన కత్తితో రెండు వైపులా నాలుగైదు సార్లు గీస్తే విరుచుకోవచ్చు. అంచు కాస్త పేడు లేచినా, ఎలాగూ ఆ అంచును లేజర్ కోసేస్తుంది. అయినప్పటికీ, తక్కువ వాట్ల డయోడ్ యంత్రం కొత్తగా కొన్నవారు మొదటి కట్టను ఈ ప్రత్యేక పలకల్లోనే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. యంత్రం సరిగా కోస్తున్నదో లేదో తెలుసుకోవడానికి నమ్మదగిన కొలమానం ఒకటి చేతిలో ఉండాలి కదా.

ప్లైవుడ్‌లో లేజర్‌కు అడ్డుపడేది చెక్క కన్నా జిగురు. ఇంటి లోపలి సామానుకు వాడే పలకలను ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిస్తారు. ఇది ఆరిన తరువాత లేత రంగులో ఉండి, కిరణం తగిలినప్పుడు చెక్కతో పాటే కాలిపోతుంది. నీటికి, ఎండకు తట్టుకునేందుకు చేసిన పలకల్లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు. ఇది వేడికి గట్టిగా నిలుస్తుంది, సులువుగా ఆవిరి కాక బొగ్గుగా మారి, ఆ బొగ్గే కింది పొరకు కిరణం చేరకుండా అడ్డుపడుతుంది. వడ్రంగి పనిలో మేలైనదిగా పేరుపొంది, ఎక్కువ ధర పలికే నీటి నిరోధక ప్లైవుడ్ లేజర్ మీద అందుకే అధమంగా పనిచేస్తుంది. కొనే ముందు పలక అంచును వెలుతురులో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది: పొరల మధ్య గీతలు తెల్లగా, పాలిపోయినట్టు ఉంటే ఆశ ఉంది, ముదురు గోధుమ రంగులోనో, ఎర్రటి నలుపులోనో ఉంటే ఆ పలకను వదిలేయడమే మేలు. అమ్మేవారిని అడిగితే సాధారణంగా గట్టిదే అని భరోసా ఇస్తారు. మనం అడగవలసింది గట్టితనం గురించి కాదు, లోపలి వాడకపు జిగురా కాదా అన్నది.

జిగురు తరువాతి చిక్కు కనిపించని లోపలి పొర. పై పొరలు ఎంత అందంగా ఉన్నా, మధ్య పొరలో ముడులు, ఖాళీలు, వాటిని పూడ్చిన లప్పం ఉండవచ్చు. ముడి వచ్చిన చోట కిరణం ఆగిపోతుంది. ఖాళీ వచ్చిన చోట మంట ఎగసి అంచు మాడుతుంది. అప్పుడు చాలామంది చేసే పని వేగాన్ని మొత్తం మీద తగ్గించడం. పలకలో ఒక మూలన ఉన్న ముడి కోసం మిగిలిన ముక్కలన్నీ అవసరానికి మించిన వేడిని తిని, నల్లటి అంచులతో, వెడల్పైన కోతతో బయటికి వస్తాయి. పలక ధర సగానికి దొరికినా, పనికి పట్టే సమయం రెట్టింపై, రుద్దే పని అదనంగా వచ్చి చేరితే ఆ పలకను చౌక అనడం కుదరదు.

ఇక రకాల వారీగా చూద్దాం. బాల్టిక్ బర్చ్ ప్లైవుడ్‌కు ఈ రంగంలో ఉన్న పేరు మరే చెక్కకూ లేదు. పై నుంచి కింది దాకా ప్రతి పొరా బర్చ్‌దే కావడం, లోపల ఖాళీలు అరుదు కావడం, 3 మిల్లీమీటర్లలో మూడు పొరలు, 6 మిల్లీమీటర్లలో ఐదు పొరలు సమంగా ఉండటం దాని బలాలు. ముఖాలకు బి, బిబి, సిపి, సి అని తరగతులు ఇస్తారు. బి దాదాపు మచ్చలేనిది, బిబి తరగతిలో ముడులను తొలగించి కోలగా అతికించిన బిళ్లలు కనిపిస్తాయి. రంగు వేసే పనికి బిబి చాలు, అంతకన్నా పై తరగతికి చెల్లించడం దండుగ. అయితే ఈ పలక ఎక్కువగా రష్యా, బెలారుస్, బాల్టిక్ దేశాలు, ఫిన్లాండ్ నుంచి వచ్చేది. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత ఐరోపా సమాఖ్య రష్యా కలప దిగుమతిని నిషేధించింది. అడవుల పర్యవేక్షణకు ధ్రువపత్రాలిచ్చే ఎఫ్‌ఎస్‌సీ సంస్థ అదే ఏడాది మార్చిలో రష్యా, బెలారుస్ దేశాల కలపను సంఘర్షణ కలపగా, అంటే యుద్ధంతో ముడిపడినదిగా ప్రకటించింది. సరఫరా తగ్గి ధర పెరగడంతో, చౌక చెక్కల సమీక్షలో బర్చ్‌కు ఇదివరకటి స్థానం లేదు. బరువు మోసే పెట్టెలు, పళ్లచక్రాలు, బిగుతుగా అమర్చే కీళ్లు చేసేవారికి ఇప్పటికీ ఇదే సరైనది. గోడకు వేలాడదీసే అలంకరణ ముక్కలకు మాత్రం ఈ ఖర్చు అనవసరం.

బర్చ్ పేరుతోనే అమ్ముడయ్యే మరొక రకం ఉంది: పైనా కిందా పలుచని బర్చ్ పొర, మధ్యలో పాప్లర్ లాంటి మెత్తని చెక్క. వడ్రంగులు దీన్ని నాసిరకమని తీసిపారేస్తారు. లేజర్ దృష్టిలో మాత్రం మధ్య పొర తేలికైనది కావడం లాభమే. తక్కువ శక్తితో తెగుతుంది, ముఖం బర్చ్‌లాగే కనిపిస్తుంది. లోతుగా ఎన్‌గ్రేవింగ్ చేస్తే పై పొర దాటి అడ్డనారతో ఉన్న మధ్య పొర బయటపడి గీతలు వేరుగా కనిపిస్తాయి కాబట్టి, దీనిపై చెక్కడాన్ని పైపైనే ఉంచాలి.

నా లెక్కలో ధరకు తగిన ఫలితం ఇచ్చినవాటిలో బాస్‌వుడ్ ప్లైవుడ్ మొదటిది. లిండెన్ జాతికి చెందిన ఈ చెక్క ఘనపు మీటరుకు సుమారు 415 కిలోలు మాత్రమే తూగుతుంది. బర్చ్ ప్లైవుడ్ 680 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఒక చదరపు మీటరు 3 మిల్లీమీటర్ల బర్చ్ పలక బరువు రెండు కిలోలైతే, జిగురుతో కలుపుకున్నా బాస్‌వుడ్ పలక అంతకన్నా చాలా తేలిక. కిరణం కాల్చవలసిన పదార్థం అంత మేరకు తగ్గుతుంది కాబట్టే 5 వాట్ల డయోడ్‌తో కూడా దీన్ని కొన్ని దఫాల్లో కోయవచ్చు. రెసిన్ తక్కువ, నార గీతలు దాదాపు కనిపించవు, ఫోటోను చెక్కినప్పుడు లేత నేపథ్యం మీద నీడలు మెట్లు మెట్లుగా చక్కగా విడిపోతాయి. దీని లోపాలు కూడా దాచవలసినవి కావు. గోరు గుచ్చితే గుంట పడేంత మెత్తన, సన్నని భాగాలు సులువుగా విరుగుతాయి, తేమకు బర్చ్ కన్నా త్వరగా వంగుతుంది. తాళపు చెవి గుత్తి లాంటి నిత్యం రాపిడికి గురయ్యే వస్తువులకు దీన్ని ఎంచుకోను.

పాప్లర్ ప్లైవుడ్ దాదాపు ఇదే కోవకు చెందినది, కొన్ని మార్కెట్లలో బాస్‌వుడ్ కన్నా చౌక కూడా. కోత ఇంకా తేలిక, కానీ ముఖం మీద పచ్చటి, బూడిదరంగు చారలు వస్తాయి. రంగు వేసేవారికి అది లెక్కలోకి రాదు. బాల్సా ఘనపు మీటరుకు 150 కిలోల స్థాయిలో ఉండి ఎంత బలహీనమైన లేజర్‌కైనా లొంగుతుంది గానీ, నమూనా విమానాలు చేసేవారిని మినహాయిస్తే ఇతరులకు దాని ధర గిట్టదు.

అన్నిటికన్నా తక్కువ ధరకు దొరికే పలుచని ప్లైవుడ్ తలుపులకు పై తొడుగుగా వేసేది. మెరాంటీ, లవాన్ వంటి ఉష్ణమండల చెక్కలతో చేసే ఈ పలకల పై పొర కాగితమంత పలుచన, మధ్య పొర ఎలా పడితే అలా ఉంటుంది. ఒక పలక మీద చక్కగా పనిచేసిన అమరిక, అదే దొంతరలోని పక్క పలక మీద సగం ముక్కలను వదిలేస్తుంది. ముఖాన్ని గరుకు కాగితంతో కాస్త గట్టిగా రుద్దితే కింది జిగురు బయటపడుతుంది. అయినా దీన్ని పూర్తిగా కొట్టివేయలేను: కొత్త నమూనా కొలతలు సరిపోతున్నాయో లేదో చూసుకునేందుకు, ఎలాగూ పారవేయబోయే అచ్చులకు ఇది బాగా ఉపయోగపడుతుంది. అమ్మకానికి పెట్టే వస్తువుకు మాత్రం వద్దు.

ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో కలిపి అదిమి చేసే పలక గురించి రెండు విరుద్ధమైన అభిప్రాయాలు వినిపిస్తాయి, రెండూ నిజమే. నార దిశ లేదు, ముడి లేదు, ఖాళీ లేదు. ఒకసారి అమరిక కుదిరితే మొదటి ముక్కకూ చివరి ముక్కకూ తేడా ఉండదు. పలక చదునుగా ఉంటుంది, మందం కచ్చితంగా ఉంటుంది, ధర ప్లైవుడ్ కన్నా బాగా తక్కువ. ఇన్ని సుగుణాలకు చెల్లించవలసిన మూల్యం పొగ. ఇందులో బరువులో పదో వంతు దాకా జిగురే ఉంటుంది, సాంద్రత ఘనపు మీటరుకు 700 కిలోలకు పైమాటే. పొగ చిక్కగా, ఘాటుగా వచ్చి కటకం మీద, అద్దాల మీద జిడ్డులా పేరుకుంటుంది. అంచులు నల్లబడి ముట్టుకుంటే మసి అంటుతుంది. పలకల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు ఐరోపాలోని ఇ1, అమెరికాలో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి (కార్బ్) పెట్టిన రెండవ దశ వంటి ప్రమాణాలు ఉన్నాయి. కార్బ్ పరిమితి గట్టి చెక్క ప్లైవుడ్‌కు పది లక్షల్లో 0.05 వంతు కాగా, 8 మిల్లీమీటర్లకు మించని పలుచని ఎండీఎఫ్‌కు 0.13 వంతు. గదిలో ఊరికే ఉన్న పలకకు పెట్టిన పరిమితులివి. కాల్చినప్పుడు వచ్చే పొగకు ఇవి ఏ హామీ ఇవ్వవు. పొగను బయటికి పంపే గట్టి పంకా, గొట్టం లేనివారు ఎండీఎఫ్ జోలికి పోకూడదు. అవి ఉన్నవారికి, రంగు పూసే అక్షరాలకు, పొరలు పొరలుగా పేర్చే చిత్రాలకు దీన్ని మించిన చౌక సరుకు లేదు.

జిగురు లేని అచ్చమైన చెక్క మీద చెక్కడం వేరే అనుభవం. చెర్రీ, మేపుల్, ఆల్డర్ చెక్కలు ఎన్‌గ్రేవింగ్‌లో స్పష్టమైన గోధుమ రంగు గీతనిస్తాయి. వాల్‌నట్ చూడటానికి గొప్పగా ఉన్నా, ముదురు చెక్క మీద ముదురు గీత కాబట్టి సన్నని అక్షరాలు అంతగా తేలవు. పైన్ చౌకే గానీ, దాని ఏటేటి వలయాల్లో వసంతంలో పెరిగిన మెత్తని పొర లోతుగా కాలి, ఆ తరువాత పెరిగిన గట్టి పొర పైకి మిగిలిపోవడంతో అక్షరాల మీద గట్లు కట్టినట్టు కనిపిస్తుంది. మోటుగా కనిపించాలనుకునే ఫలకాలకు అదే అందమనుకోవచ్చు. 3 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి అమ్మే గట్టి చెక్క పలకల ధర మాత్రం కొండెక్కి కూర్చుంటుంది, ఎందుకంటే ఆ మందానికి చేరేలోపు చెక్కలో పెద్ద భాగం పొట్టుగా పోతుంది. పట్టీ రంపం అందుబాటులో ఉన్న వడ్రంగి చేత లావుపాటి దుంగ ముక్కను నిలువునా పలుచగా కోయించి, గరుకు కాగితం చుట్టిన డ్రమ్ శాండర్ యంత్రం మీద నునుపు చేయించుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. మామూలు చిత్రిక యంత్రంలో అంత పలుచని ముక్కను పెడితే చీలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, కింద మరో బల్లను ఆధారంగా పెట్టమని చెప్పాలి. అర మిల్లీమీటరు మందంలో వచ్చే వెనీర్ అనే చెక్క రేకులు మరొక దారి: ఖరీదైన చెక్క ముఖాన్ని చౌకగా పొందవచ్చు, కత్తెర కన్నా శుభ్రంగా లేజర్ కోస్తుంది, పొదుగుడు పనికి ఇంతకు మించినది లేదు.

ఖర్చు లేకుండా దొరికే చెక్క విషయంలో ఆశ కన్నా జాగ్రత్త ముందుండాలి. వడ్రంగి దుకాణాల్లో మిగిలే తునకలు, పాత బీరువాల వెనుక పలకలు, సొరుగుల అడుగు పలకలు, పండ్ల పెట్టెల బద్దలు పనికివస్తాయి. కానీ పాత సామాను ముఖం మీద అంటించిన పొర పీవీసీ కావచ్చు. దాన్ని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి ఊపిరితిత్తులకూ, యంత్రంలోని లోహానికీ హాని చేస్తుంది. ఆకుపచ్చ ఛాయ కనిపించే చెక్కకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండవచ్చు, దాన్ని ఏ రకంగానూ కాల్చకూడదు. సరుకు రవాణాకు వాడే పాలెట్ చట్రాల మీద గోధుమ కంకి గుర్తుతో అంతర్జాతీయ ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 30 నిమిషాలు వేడి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని అర్థం, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. ముద్ర లేని పాలెట్‌ను కూడా నేను తీసుకోను.

ఏ రకం కొన్నా మందాన్ని మాత్రం కాలిపర్‌తో కొలిచే తీరాలి. 3 మిల్లీమీటర్లని రాసి ఉన్న పలక 2.7 ఉండవచ్చు, 3.2 కూడా ఉండవచ్చు. అంగుళంలో ఎనిమిదో వంతు అని అమ్మేది లెక్క ప్రకారమే 3.175 మిల్లీమీటర్లు. గాడిలో పలక దూర్చి బిగించే నమూనాల్లో ఈ తేడా ఎంత పెద్దదంటే, కిరణం తినే కోత వెడల్పు కూడా సాధారణంగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లే. నాలుగు మూలల్లోనూ, మధ్యలో అంచు వెంబడీ కొలిచి, ఆ సంఖ్యలను పెన్సిల్‌తో పలక మీదే రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. వంకర సంగతి కూడా అంతే ముఖ్యం. లేజర్ కిరణపు కేంద్రం ఒక ఎత్తులోనే పదునుగా ఉంటుంది కాబట్టి, మధ్యలో మూడు మిల్లీమీటర్లు ఉబ్బిన పలక మీద అంచుల దగ్గర తెగినది మధ్యలో తెగదు. గోడకు ఏటవాలుగా ఆనించిన పలక వంగిపోతుంది. చదునైన చోట పడుకోబెట్టి పైన బరువు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. కొద్దిపాటి వంపును అయస్కాంతాలతోనో, యంత్రంలో పలకను ఉంచే తేనెపట్టు లాంటి రంధ్రాల బల్లకు గుచ్చే కొక్కేలతోనో అదిమి పట్టవచ్చు. ఒకే దిశలో వంగిన పలకను ఇలా వాడుకోవచ్చు గానీ, మూలలు ఎదురెదురుగా మెలితిరిగిన పలకను ఎంత తగ్గింపు ఇచ్చినా కొనవద్దు.

ఖర్చు లెక్కలో చాలామంది వదిలేసేది ముఖానికి అంటించే కాగితపు టేపు. పొగ మరకలు పడకుండా కోతకు ముందు దాన్ని అంటించడం, తరువాత ఒక్కొక్క ముక్క మీద నుంచి గోటితో లాగడం డబ్బుతోనూ ఓపికతోనూ కూడిన పని; చిన్న చిన్న అక్షరాలు వందల్లో ఉంటే చెక్క కన్నా ఆ శ్రమే ఎక్కువవుతుంది. కోత చోట గాలిని బలంగా ఊదే ఏర్పాటు ఉంటే లేత జిగురు బాస్‌వుడ్‌కు టేపు లేకపోయినా మరకలు తేలికగా ఉండి, సన్నని గరుకు కాగితంతో పోతాయి. ఎండీఎఫ్‌కు, తలుపు తొడుగు ప్లైవుడ్‌కు ఆ సౌలభ్యం లేదు. ధరలో ఉన్న తేడాను టేపు కొంత మింగేస్తుందని గుర్తుంచుకోవాలి. మంట సంగతి వేరే చెప్పనక్కర లేదు. కోత సాగుతున్నంతసేపూ ఎవరో ఒకరు యంత్రం పక్కనే ఉండాలి.

ఎక్కువ మొత్తంలో కొనే ముందు ఒకే ఒక్క పలక తెచ్చి, దాని నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ చిన్న వలయాలను వేర్వేరు వేగాలతో కోసి, ఏ వేగం వద్ద అన్ని చోట్లా వలయం తనంతట తాను రాలిందో చూడండి. ఐదు చోట్లా ఒకే వేగానికి రాలితే ఆ సరుకు నమ్మదగినది. మూలకో వేగం అడుగుతుంటే ధర ఎంత తక్కువైనా తిరిగి పంపండి. ఫలితం నచ్చితే, మీకు ఆరు నెలలకు సరిపడా పలకలను అదే దొంతర నుంచి ఒకేసారి తీసుకోండి, ఎందుకంటే అదే పేరుతో, అదే తరగతితో వచ్చే తరువాతి సరుకులో జిగురు మారిపోయి ఉండవచ్చు, ఆ మార్పును పలక మీద అంటించిన చీటీ చెప్పదు.